నూటికి రూపాయి

మ్యూనిక్‌లో రైలెక్కితే గంటన్నర ప్రయాణం. కుఫ్‌స్టైన్ కోట దాటాక ఇన్ నది లోయ వెంటే సాగాం. దిగాల్సిన ఊరు వోర్గల్. హన్మకొండలో పెరిగిన నా చెవికి ఆ పేరు ఓరుగల్లులాగే వినిపించింది. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతానికి అందరూ మంచు కొండల కోసం వస్తారు. నేను వచ్చింది ఒక పాత నోటును చూడటానికి.

ఊరి మ్యూజియంలో గాజు వెనక ఉంది ఆ నోటు. మీద నెలల వారీగా గళ్లు, కొన్నింటిలో అంటించిన చిన్న స్టాంపులు. ఇది కష్టాన్ని తగ్గిస్తుంది, పనినీ రొట్టెనూ ఇస్తుంది అని దాని మీద జర్మన్‌లో ఉంది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

1930ల మాంద్యంలో చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పనివాళ్లను తీసేశాయి. నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊళ్లో వందల మంది ఖాళీగా కూర్చున్నారు. పన్నులు రావు, పురపాలక సంఘం దగ్గర పైసా లేదు. అప్పుడు మేయరుగా ఉన్నవాడు మిఖాయెల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్, రైల్వేలో పనిచేసిన మనిషి. సిల్వియో గెసెల్ అనే జర్మన్ వ్యాపారి రాసిన ఆలోచన ఒకటి ఆయన మనసుకు పట్టింది. సరుకు పాడవుతుంది, డబ్బు పాడవదు, అందుకే డబ్బున్నవాడు ఎంతకాలమైనా ఆగగలడు. కాబట్టి డబ్బుకూ వయసు మీరాలి.

ఈ మాట నాకు పుస్తకాల్లో కంటే ముందే తెలుసు. ఎనుమాముల మార్కెట్లో ధర లేనప్పుడు మా బాపు మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాడు. అద్దె పెరిగేది, మిర్చి రంగు తగ్గేది. అప్పిచ్చినవాడి డబ్బు మాత్రం నూటికి రెండు రూపాయల చొప్పున నెలనెలా పెరిగేది.

వోర్గల్‌లో ఆ లెక్కను తిరగేశారు. 1932 జూలై చివర్లో 1, 5, 10 షిల్లింగుల పత్రాలను విడుదల చేశారు. షిల్లింగంటే అప్పటి ఆస్ట్రియా డబ్బు. ప్రతి నెలా విలువలో 1 శాతం స్టాంపు కొని అంటిస్తేనే నోటు చెల్లుతుంది. అంటే నూటికి రూపాయి. కట్టాల్సింది అప్పు తీసుకున్నవాడు కాదు, డబ్బు దాచుకున్నవాడు. దాంతో చేతికొచ్చిన నోటును నెల తిరగకముందే ఖర్చు పెట్టేవారు. పాత పన్ను బకాయిలు వసూలయ్యాయి, కొందరైతే ముందుగానే పన్ను కట్టారు. వీధులు బాగుపడ్డాయి, దీపాలు వచ్చాయి, ఒక వంతెన, మంచు మీద జారుతూ దూకే క్రీడకు ఒక వేదిక కట్టారు. అచ్చువేసింది 32,000 షిల్లింగుల పత్రాలైనా జనం చేతుల్లో తిరిగింది అందులో చిన్న భాగమే.

దుకాణదారులు గెసెల్ సిద్ధాంతాన్ని నమ్మి ఆ నోటు పుచ్చుకున్నారని నేననుకోను. దానితో పన్ను కట్టవచ్చు, కావాలంటే 2 శాతం తగ్గించుకుని అసలు షిల్లింగులు తీసుకోవచ్చు. అందుకు సరిపడా షిల్లింగులు బ్యాంకులో ఉన్నాయి. ఆ భరోసాయే నోటును నిలబెట్టింది. మేయరు పనితనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పక్కనున్న కిర్ఖ్‌బిఖ్ల్ కూడా ఇదే దారి పట్టింది. ఇంకా చాలా ఊళ్లు ఆసక్తి చూపేసరికి, నోట్లు వేసే హక్కు తనదేనని ఆస్ట్రియా జాతీయ బ్యాంకు అడ్డుపడింది. 1933 సెప్టెంబరులో పత్రాలు ఆగిపోయాయి. అప్పీలు చేసినా నవంబరులో కోర్టు కొట్టేసింది. మూడేళ్లకు, 1936లో, ఉంటర్‌గుగెన్‌బెర్గర్ చనిపోయాడు.

సాయంత్రం బ్రిక్సెన్‌టాలర్ ఆఖె అనే వాగు ఒడ్డున కూర్చుని బాపుకు ఫోను చేశాను. అంతా విని, "ఊళ్లో అందరూ తీసుకున్నారా బిడ్డా?" అని అడిగాడు.

"దాదాపు అందరూ తీసుకున్నారు బాపూ. పన్నులూ దానితోనే కట్టారు."

"ఎన్నాళ్లు నడిచింది?"

"ఏడాది దాటి ఓ నెలా రెండు నెలలు."

కాసేపు మాట్లాడలేదు. "ఇంకో రెండు పంటల కాలం నడవనిస్తే తెలిసేది కదా" అన్నాడు.