ఆర్‌సీ 390కి సస్పెన్షన్, స్టీరింగ్ డ్యాంపర్: నా బరువు అడగని వర్క్‌షాప్‌తో నా అనుభవం

మొత్తానికి నా బండి పని పూర్తయింది. పోయిన ఆదివారం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో తిప్పి చూసి వచ్చాను. హ్యాండిల్ ఊగడం లేదు, మణికట్లు నొప్పి పుట్టడం లేదు. కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది, అది చల్లారకముందే రాసేస్తున్నాను. స్పోర్ట్ బైక్‌కి సస్పెన్షన్ మార్పించాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా నాలాగా బరువు తక్కువ ఉన్నవాళ్ళు, డబ్బు కట్టేముందు ఇది చదవండి.

బండి 2018 కేటీఎం ఆర్‌సీ 390. ముందు 43 మి.మీ. డబ్ల్యూపీ అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు, వాటిలో బయట నుంచి తిప్పి సరిచేసుకోవడానికి ఏమీ లేదు. వెనక మోనోషాక్‌కి ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే ఎంత నొక్కి పెట్టాలన్నది, ఒక్కటే మార్చుకోవచ్చు. నా బరువు 51 కేజీలు. లెదర్ సూటు, హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుంటే 60. ఏ కంపెనీ అయినా ఒక సగటు మనిషిని, అప్పుడప్పుడూ వెనక కూర్చునే మరో మనిషిని లెక్కలో పెట్టుకుని స్ప్రింగులు వేస్తుంది. అందులో తప్పేం లేదు, ఒకే బండిని అందరికీ అమ్మాలి కదా. కానీ ఆ సగటు మనిషిని నేను కాదు.

మాది విశాఖ. భీమిలి రోడ్డులో పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేర్లో థ్రాటిల్ గట్టిగా ఇచ్చి, అదే టైమ్‌లో ఓ గతుకు తగిలితే హ్యాండిల్ రెండు పక్కలకీ టపటపా కొట్టుకునేది. ట్రాక్‌లో ఇంకా ఎక్కువ. తెలిసిన కుర్రాళ్ళందరిదీ ఒకటే మాట, "డ్యాంపర్ వేయించక్కా, సెట్ అయిపోద్ది". డ్యాంపర్ అంటే నూనె నింపిన చిన్న సిలిండర్, అందులో ఓ రాడ్డు. ఒక కొస ఫ్రేముకి, ఇంకో కొస హ్యాండిల్‌తో పాటు తిరిగే భాగానికి బిగిస్తారు. మెల్లగా తిప్పితే అడ్డుపడదు, ఒక్కసారిగా కొట్టుకోబోతే పట్టి ఆపుతుంది. అంటే ఊపుని అణచగలదు గానీ ఊపు పుట్టడానికి కారణాన్ని తీసెయ్యలేదు. ఈ సంగతి మా ట్రాక్ గ్రూపుల్లో ఎంతమంది చెప్తారో చూడండి, అందరికీ పెట్టె విప్పే వీడియో కావాలి అంతే.

గాజువాకలో నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఉన్నారు, పాత బుల్లెట్లు చేస్తారు. ఆయన ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ చివర రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా తిప్పారు. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి చిన్నగా పట్టినట్టు ఆగింది. "ఏటమ్మా, హెడ్ బేరింగ్ గాడి పడిపోతే డ్యాంపరేటి చేస్తాది?" అన్నారు. హ్యాండిల్ తిరిగే చోట ఉండే ఆ బేరింగ్ సెట్టు మార్చాం, టైర్లలో గాలి సరిచేశాం. సగం ఊపు అక్కడే పోయింది.

ఇంకో విషయం కూడా ఆయనే చూపించారు. ఫోర్కు గొట్టం మీద సీలుకి కాస్త కింద ఆవగింజంత తుప్పు చుక్క, గోరుతో రాస్తే తగులుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ అది సీలుని గీరుతుంది, అక్కడి నుంచే నూనె కారుతోంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఉప్పుగాలికి ఫోర్కుల క్రోమ్ ఇలా పోతుందని తెలుసుకోండి, బండి బయటికి తీసిన ప్రతిసారీ తడి గుడ్డతో తుడిచి తర్వాత పొడిగుడ్డ పెట్టండి. ఎలాగూ ఫోర్కులు విప్పాలి కాబట్టి లోపల కార్ట్రిడ్జ్ కిట్టు (ఫోర్కు లోపలి డ్యాంపింగ్ భాగాల సెట్టు), వెనక మంచి షాకు వేయించేద్దాం అనుకున్నాను. ఆ పని బాబాయ్ చెయ్యనన్నారు, "నా దగ్గర ఆ సామాన్లు లేవమ్మా, తెలిసినోళ్ళ దగ్గరికెళ్ళు". అలా ఓ పెద్ద నగరంలో, బాగా పేరున్న వర్క్‌షాప్‌కి వెళ్ళాను. పేరు రాయను.

ఫోన్లో మాట్లాడినప్పుడు అంతా బాగుంది. "రైడర్ బరువు తీసుకుని సాగ్ సెట్ చేసి ఇస్తాం మేడమ్" అన్నారు. సాగ్ అంటే బరువు పడ్డప్పుడు సస్పెన్షన్ ఎంత కిందికి దిగుతుందో ఆ కొలత. అడ్వాన్సు పంపించాను. బండిని వ్యానులో ఎక్కించి మా పిన్ని కొడుకు తోలుకొచ్చాడు, వాడు స్కూటీ తప్ప ఇంకేమీ నడపడు. మేం దిగగానే ఓనరు నేరుగా వాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, "ఏం బ్రదర్, ట్రాకా స్ట్రీటా?" అన్నాడు. "బండి అక్కదండీ" అన్నాడు వాడు. "ఓ, మేడమ్‌దా" అని మళ్ళీ వాడితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. లేడీస్‌కి కాళ్ళు అందవు కాబట్టి బండిని కిందికి దించే లింకు వేసేద్దాం అంటాడు. నాకు కాళ్ళు అందుతాయి, నేనది అడగలేదు అని చెప్పాను. నాకు కావలసింది సాగ్, సరైన స్ప్రింగు అని చెప్తే, "మేడమ్ యూట్యూబ్ బాగా చూస్తారనుకుంటా" అన్నాడు, పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. లోపల ఏసీ ఉంది, ఎస్టిమేట్ మీద సంతకం పెట్టి అక్కడే కూర్చోమన్నారు.

సంతకం పెట్టి, చాలాసేపు కూర్చుని బయటికొచ్చేసరికి కిట్టు వేసిన ఒక ఫోర్కు బండికి ఎక్కేసింది, వెనక కొత్త షాకు కూడా. బండి మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు, ఇంకొకడు వెనక యాక్సిల్ దగ్గర టేపు పెట్టి కొలుస్తున్నాడు. జాబ్ కార్డు మీద "రైడర్ బరువు: 86" అని రాసి ఉంది. వాడి ముఖం చూస్తే తెలుస్తోంది, వద్దని చెప్పినా కూర్చోబెట్టారని. "ఏవండీ, బండి నడిపేది నేను కదా" అన్నాను. "పెద్ద తేడా ఉండదు మేడమ్, క్లిక్కర్లున్నాయి కదా, మీ కోసం నాలుగు క్లిక్కులు సాఫ్ట్ చేసి ఇస్తాం" అన్నాడు ఓనరు.

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ అబద్ధం చాలామంది దగ్గర నడిచిపోతోంది. మనిషి బరువుని మోసేది స్ప్రింగు. క్లిక్కర్లు మార్చేది డ్యాంపింగ్‌ని, అంటే స్ప్రింగు ఎంత వేగంగా దిగాలి, ఎంత వేగంగా తిరిగి లేవాలి అన్నదాన్ని. దిగే వేగం కంప్రెషన్, లేచే వేగం రీబౌండ్. ప్రీలోడ్ రింగు తిప్పితే బండి ఎంత ఎత్తులో నిలబడుతుందో మారుతుంది గానీ స్ప్రింగు గట్టిదనం మారదు. 86 కేజీలకి ఎంచిన స్ప్రింగుని ఎన్ని క్లిక్కులు తిప్పినా అది 60 కేజీల స్ప్రింగు అవ్వదు. ఇదంతా ఆయనకి తెలియదని నేననుకోను. సరైన స్ప్రింగు తెప్పించాలంటే టైమ్ పడుతుంది, చేతిలో ఉన్నది బిగించేస్తే ఆ రోజుకి పని అయిపోతుంది, సంగతి ఇంతే.

ఇదే ఆయనతో గట్టిగా అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మా తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "బ్రదర్, అక్కకి కొంచెం మీరే చెప్పండి, మాకు ఇంకా బళ్ళున్నాయి" అన్నాడు. వర్క్‌షాపంతా నన్నే చూస్తోంది. రెండో ఫోర్కు బల్ల మీద విప్పి పడుంది, నూనె ట్రేలోకి కారుతోంది, వెనక్కి తీసుకెళ్ళిపోదామంటే బండి ముక్కలుగా ఉంది. మిగతా డబ్బంతా కట్టి, బిల్లు తీసుకుని, దారంతా ఏం మాట్లాడకుండా ఇంటికొచ్చాను. మా తమ్ముడు పాపం తుని దాటేవరకూ సారీ అక్కా అంటూనే ఉన్నాడు, వాడి తప్పేముంది. ఈ దేశం నుంచి బైక్ రేసర్ ఐశ్వర్య పిస్సే 2019లోనే ఎఫ్ఐఎం బాజాస్ వరల్డ్ కప్ అనే ప్రపంచ స్థాయి బైక్ ర్యాలీ పోటీలో మహిళల టైటిల్ గెలిచింది. ఇక్కడ వీళ్ళకి ఆడమనిషి తన బండి గురించి తనే మాట్లాడితే ఇంకా నవ్వొస్తోంది. నేను గట్టిగా చెప్తున్నాను, ఏ సస్పెన్షన్ షాపైనా మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "మీ బరువెంత, గేర్‌తో కలిపి ఎంత" అని. అది అడగకుండా రేటు చెప్తే లేచి వచ్చేయండి.

ఊగడం తగ్గలేదు సరికదా పెరిగింది. ఇంటి దగ్గర నేనే కొలిచాను. దీనికి ముగ్గురు మనుషులు, ఒక టేపు చాలు, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. వెనక చక్రం యాక్సిల్ నుంచి పైన సీటు కింద ఒక గుర్తు దాకా మూడు కొలతలు తియ్యాలి: చక్రం గాల్లో ఉన్నప్పుడు, బండి తన కాళ్ళ మీద తను నిలబడ్డప్పుడు, మీరు పూర్తి గేర్‌తో ఎక్కి కూర్చున్నప్పుడు. మొదటి రెండిటి తేడా ఫ్రీ సాగ్, మొదటి, మూడో కొలతల తేడా రైడర్ సాగ్. తమ్ముడు బండి పట్టుకున్నాడు, పక్కింటి అబ్బాయి టేపు పెట్టాడు, అమ్మ పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే అంకెలు వేసింది. నేను సూటు వేసుకుని ఎండలో బండి మీద కదలకుండా కూర్చున్నాను.

ట్రాక్ వాడకానికి వెనక రైడర్ సాగ్ 30 నుంచి 35 మి.మీ., ఫ్రీ సాగ్ 5 నుంచి 10 మి.మీ. ఉండాలంటారు. నా రైడర్ సాగ్ 22 వచ్చింది. ప్రీలోడ్ వదులు చేసి 31కి తెస్తే ఫ్రీ సాగ్ 15కి పోయింది. రైడర్ సాగ్ సరిపోయాక ఫ్రీ సాగ్ మరీ ఎక్కువ వస్తోందంటే స్ప్రింగు మీకు గట్టిదని అర్థం. అసలు మిగతా ఊపుకి కారణమూ ఇదే. స్ప్రింగు దిగకపోతే బండి వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది, దాంతో ఫోర్కులు నిటారుగా అవుతాయి, ట్రెయిల్ (స్టీరింగ్ తిరిగే గీతని కిందికి పొడిగిస్తే నేలను తాకే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) తగ్గుతుంది, ట్రెయిల్ తగ్గితే ముందు చక్రం నిలకడగా ఉండదు. పైగా గతుకుని మింగాల్సిన స్ప్రింగు మింగకుండా పైకి తంతుంది. కంపెనీ స్ప్రింగుతో నాకు జరిగిందీ ఇదే. వర్క్‌షాప్ వాళ్ళు దాన్ని ఇంకా పెంచి పంపారు.

షాకు తయారీదారు ఇచ్చే పట్టికలో బండి మోడలు, గేర్‌తో బరువు చూసుకుంటే ఏ స్ప్రింగు కావాలో మిల్లీమీటరుకి ఇన్ని న్యూటన్లు అనే లెక్కలో ఉంటుంది. వెనకకి ఒకటి, ముందుకి జత, వాటితో పాటు డ్యాంపర్ కూడా విదేశం నుంచి ఆర్డరు పెట్టాను. పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది. చాలా షాక్ అబ్జార్బర్లలో ఒత్తిడి పెట్టిన నైట్రోజన్ ఉంటుంది కాబట్టి విమానంలో వాటిని యూఎన్ 3164 అనే ప్రమాదకర వస్తువుల నంబరు కింద చూసే అవకాశం ఉంది. నా డ్యాంపర్ కూడా అదేనేమోనని కొరియర్ వాళ్ళు అడిగారు. అమ్మినవాళ్ళ నుంచి ఉత్తరం, ఇన్వాయిస్, డబ్బు కట్టిన రుజువు, ఆధార్ ఇచ్చాక వదిలారు. సుంకం వస్తువు ధర మీదే అనుకోకండి, రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు, దాని మీద సర్‌ఛార్జి, ఆ తర్వాత అన్నీ కలిపి ఐజీఎస్టీ. ముందే లెక్కేసుకోండి. అక్కడి క్లర్కు మాత్రం నాతోనే మాట్లాడాడు, మర్యాదగా.

స్ప్రింగు మార్చడం బాబాయ్ దగ్గరే. స్ప్రింగుని నొక్కిపెట్టే కంప్రెసర్ నేను అద్దెకి తెచ్చిచ్చాను. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే చెయ్యి విరిగిపోతుంది, ఇంట్లో తాళ్ళు కట్టి ఈ పని చెయ్యొద్దు. మార్చాక వెనక రైడర్ సాగ్ 32, ఫ్రీ సాగ్ 8. ఫోర్కు గొట్టానికి ఒక జిప్ టై కట్టి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎంతవరకూ దిగుతోందో చూశాను. ఇదివరకు సగంలో ఆగిపోయేది, ఇప్పుడు దాదాపు చివరిదాకా వెళ్తోంది, కానీ అడుగుకి తగిలి కొట్టుకోవడం లేదు. అదే రోడ్డు, అదే గతుకు, హ్యాండిల్ కదల్లేదు. డ్యాంపర్ అప్పటికి ఇంకా పెట్టెలోనే ఉంది.

డ్యాంపర్ చివర బిగించాం. దీనిలో అందరూ వదిలేసేది ఒకటుంది. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, రెండు చివర్లలోనూ రాడ్డుకి ఇంకా కొన్ని మిల్లీమీటర్లు మిగిలి ఉన్నాయో లేదో చూడాలి. హ్యాండిల్ స్టాపర్ కంటే ముందు డ్యాంపర్ ఆగిపోతే దెబ్బంతా దాని మీదే పడి, బ్రాకెట్ విరుగుతుంది లేదా మలుపులో హ్యాండిల్ బిగుసుకుపోతుంది. మాది మొదట కుడివైపు ఆగిపోయింది, క్లాంపుని కొంచెం జరిపి సరిచేశాం. బ్రేకు గొట్టం, క్లచ్ కేబులు దానికి రాసుకోకుండా చూడండి. మొదలుపెట్టేటప్పుడు పూర్తిగా వదులుగా పెట్టి, అవసరమైతేనే ఒక్కో క్లిక్కు పెంచండి. నెమ్మదిగా పోయేటప్పుడు బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తూలుతుంటే బిగుతు ఎక్కువైనట్టే. నాది ట్రాక్‌లో కూడా వదులు వైపే ఉంది, అంతకంటే అక్కర్లేదు.

ఇరుంగాట్టుకోట్టైలో సీ1 చాలా వేగంగా వచ్చే కుడి మలుపు. ఇదివరకు అక్కడ థ్రాటిల్ కాస్త మూసేదాన్ని, ఈసారి మూయలేదు. నా వెనకే వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు పిట్స్‌లో దిగి ఏ షాకు వేశావని అడిగారు. ముందు మీ బరువెంతో చెప్పండి అన్నాను.

కొత్త స్ప్రింగులు కొంత తిరిగాక కాస్త కూర్చుంటాయి కాబట్టి సాగ్ మళ్ళీ కొలుస్తాను, తేడా వస్తే రాస్తాను. ఆ వర్క్‌షాప్ వాళ్ళు వేసిన గట్టి స్ప్రింగులు, ముందువీ వెనకదీ, పెద్దగా తిరగలేదు. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు కాబట్టి నా దగ్గరే ఉన్నాయి. ఆర్‌సీ 390 ఉండి, 85 కేజీల దగ్గర బరువుండే వాళ్ళెవరికైనా పనికొస్తాయి. సగం ధరకి ఇస్తాను, విశాఖ వచ్చి తీసుకోండి.