క్యారెట్ మడిలో ఒత్తు తీసిన రోజు

కావలి, డిసెంబర్ ఆదివారం.

పొద్దున కాఫీ తాగింది మొదలు ఎండెక్కేదాకా క్యారెట్ మడి దగ్గరే ఉన్నాను. మొలకలు వేలెడు ఎత్తు లేచాయి, ఇక ఒత్తు తీయాల్సిందే. ఈ పెంపకంలో నాకు మనసు ఒప్పని పని ఇదొక్కటే. పచ్చగా నిలబడ్డ మొక్కని చేతులారా పీకెయ్యాలి మరి. తీయకపోతే పక్కపక్కన ఉన్న రెండూ దారాల్లా మిగులుతాయి, దేనికీ దుంప ఊరదు. బలమైనదాన్ని ఉంచి, మధ్యలో రెండంగుళాలు ఖాళీ వచ్చేలా పక్కవాటిని తీసుకుంటూ పోయాను. మరీ ఒత్తుగా ఉన్నచోట లాగితే పక్క వేరు కూడా కదులుతుందని, కత్తెరతో మొదట్లోనే కత్తిరించాను. వంగనారులాగా తీసి ఇంకోచోట నాటుదామంటే కుదరదు. తల్లివేరే ఊరి దుంప అవుతుంది కాబట్టి, అది తెగినా వంగినా దుంప చీలికలై వస్తుంది.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "ఏంది మే, కొత్తిమీరని అట్టా పీకేస్తుండావు?" అంది. కొత్తిమీర, క్యారెట్ ఒకే కుటుంబం, ఆకు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. క్యారెట్ అని చెప్తే, "మన ఎండలకి యాడ వస్తయ్యి? అయ్యి ఊటీ నించి కదా వచ్చేది!" అంది.

ఆమె మాటలో నిజం ఉంది. దుంపకి మంచి రంగు రావాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. మనకి జనవరి రాత్రులు కూడా దాదాపు 20 దగ్గరే ఆగిపోతాయి. అందుకే వేడికి కాస్త ఓర్చుకునే పూసా రుధిర వేశాను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ల రకం, ఎర్ర దుంప.

కానీ చలి దగ్గర మనకున్న లోటుని నేల చాలావరకు తీరుస్తుందని నా గట్టి నమ్మకం. మా పెరడు ఇసక పాలు ఎక్కువున్న నేల. దుంప తిన్నగా దిగడానికి ఇంతకన్నా ఏం కావాలి? రాయి తగిలినా, మాగని పేడ తగిలినా దుంప చీలుతుంది. అందుకే అడుగు లోతు తవ్వి, రాళ్లు ఏరి, బాగా మాగిన ఎరువే కలిపాను. మనవైపు అసలు వానలు దసరా దాటాకే కదా, ఆ వాయుగుండాల జోరు తగ్గేదాకా గింజ చల్లలేదు. అంత సన్న గింజ ఒక్క జల్లుకే కొట్టుకుపోతుంది. ఇసకలో కలిపి చల్లి, తడి గోనెపట్టా కప్పి, మొలక కనపడగానే తీసేశాను. మొలవడానికి వారం నుంచి రెండు వారాలు తీసుకుంటుంది, ఆ రోజుల్లో మడి ఆరనివ్వకపోవడమే అసలు పని.

పీకిన మొలకల్ని పారెయ్యలేదు. మధ్యాహ్నం సన్నగా తరిగి పెసరపప్పుతో పొడికూర చేశాను. ఆకులో కొంచెం చేదు ఉంది, ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాలింపుకి బాగా కుదిరింది. పెద్దమ్మకి గిన్నెలో పెట్టి పంపిస్తే, "దుంప ఊరినాక నాకో రెండు ఈయి, అప్పుడు నమ్ముతా" అని కబురు పెట్టింది.

సాయంత్రం మిగిలిన మొక్కల మొదళ్లకి మట్టి ఎగదోశాను. దుంప పైభాగానికి ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది, ఊరేకొద్దీ ఇంకోసారి ఎగదోయాలి. రెండో మడి కూడా ఈ వారంలోనే చల్లేయాలి. సంక్రాంతి దాకా ఆగితే దుంప ఊరేసరికి ఎండలు ముదురుతాయి. రేపు ఇసక జల్లించి పెట్టుకోవాలి.