625 మాత్రలో ఆ 125 ఏం చేస్తుంది?

అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన మాత్రను అందరూ 625 అనే అంటారు. అందులో అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు, క్లావులానిక్ యాసిడ్ 125. ఈ రెండోది సొంతంగా బాక్టీరియాను చంపేది చాలా తక్కువ. కొన్ని బాక్టీరియాలు బీటా లాక్టమేస్ అనే ఎంజైముతో అమాక్సిసిలిన్‌ను విరిచేస్తాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైముకు అతుక్కుని దాని పని ఆపేస్తుంది.

అందుకే కుక్క, పిల్లి, మనిషి కాటు గాయాల్లో దీనికి మొదటి స్థానం (రేబిస్ టీకా వేరే, అది మానకూడదు). కొన్ని సైనస్, చెవి, పంటి ఇన్ఫెక్షన్లకూ రాస్తారు. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు నొప్పికి మాత్రం ఇది అనవసరం. ఆ క్రిమి ఈ ఎంజైము తయారుచేయదు, మామూలు అమాక్సిసిలిన్ చాలు. జలుబు, ఫ్లూలకు రెండూ పనికిరావు.

ఎక్కువమంది పొరబడేది లెక్క దగ్గరే. 625 దొరకలేదని 375 మాత్రలు (అమాక్సిసిలిన్ 250, క్లావులానిక్ యాసిడ్ 125) రెండు వేసుకుంటే అమాక్సిసిలిన్ 500 సరిపోతుంది కానీ క్లావులానిక్ యాసిడ్ 250 అవుతుంది. ఈ మందుతో వచ్చే విరేచనాలకు ముఖ్య కారణం క్లావులానిక్ యాసిడే. భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపులో ఇబ్బంది తగ్గుతుంది, క్లావులానిక్ యాసిడ్ కూడా బాగా ఒంటబడుతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, అంటే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చూపే కొలత) నిమిషానికి 30 మి.లీ. కంటే తక్కువ ఉంటే, 875+125 మాత్ర ఇవ్వకూడదు.

పిల్లల డ్రై సిరప్ కలిపేటప్పుడు ముందు సీసా తట్టి పొడి వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీతకు కాస్త కిందివరకు పోసి బాగా కుదిపి, నురుగు అణిగాక గీతదాకా నింపి మళ్లీ కుదపాలి. నురుగునే మట్టంగా చూస్తే నీళ్లు తక్కువై మందు చిక్కబడుతుంది, ప్రతి డోసూ ఎక్కువవుతుంది. కలిపిన సిరప్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. లేబుల్ మీద రాసిన గడువు, చాలా వాటికి 7 రోజులు, దాటితే పారబోయాలి. ఇచ్చే ముందు ప్రతిసారీ కుదపాలి. వంటింటి చెంచాతో కొలవొద్దు.

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ రకమే కాబట్టి పెన్సిలిన్ పడనివారు ఈ మందు వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు డాక్టరుకు ముందే చెప్పాలి, రక్తం మరీ పలచబడవచ్చు.

అరుదుగా కామెర్లు వస్తాయి. పెద్ద వయసు మగవారిలో, ఎక్కువ రోజులు వాడినవారిలో ఆ ముప్పు ఎక్కువ. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకూ రావచ్చు కాబట్టి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా డాక్టరుకు ఈ మందు పేరు గుర్తుచేసి చెప్పండి. ఒకసారి అలా అయినవారికి ఈ కలయికను మళ్లీ ఇవ్వరు.