పాత ఫిషింగ్ బోటు వెతుకులాట: ఐదు శనివారాల నోట్సు

మొదటి శనివారం

గేలపు వేటకు సొంత బోటు కొనాలని ఎట్టకేలకు నిర్ణయించుకున్నాను. ఎంచుకున్నది 22 అడుగుల సెంటర్ కన్సోల్ రకం, అంటే నడిమధ్యన స్టీరింగు, చేపను లాగుతూ చుట్టూ తిరగడానికి ఖాళీ జాగా, వెనుక ఒకే ఔట్‌బోర్డ్ ఇంజను ఉన్న ఫైబర్‌గ్లాస్ బోటు. సంచిలో ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి, టార్చి, చేతి అద్దం, సిలిండర్లలోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి, స్పార్క్ ప్లగ్ రెంచి, పెద్ద స్క్రూడ్రైవరు, కొన్ని కాగితపు గ్లాసులు వేసుకున్నాను.

మొదటి బోటు ఎండలో తళతళ మెరుస్తోంది. పాలిష్‌కు ఒక పూట చాలు కనుక ఆ మెరుపును లెక్కలోకి తీసుకోకుండా నేరుగా ట్రాన్సమ్ దగ్గరికి, అంటే ఇంజను బిగించే వెనుక పలక దగ్గరికి వెళ్లాను. చాలా పాత బోట్లలో ఈ పలక రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి చేసినదే. ఇంజను బోల్టులకూ, నిచ్చెనకూ, చేపలను చూపే సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ స్క్రూలకూ వేసిన ప్రతి రంధ్రమూ నీటికి ఒక దారి. అక్కడి సీలెంటు ఎండి విడిపోతే, బయటి పొర చెక్కుచెదరకుండానే లోపలి చెక్క నీరు పీల్చి కుళ్లిపోతుంది.

పై నుంచి కిందికి బెత్తెడు దూరానికొకసారి సుత్తితో తట్టుకుంటూ వచ్చాను. గట్టిగా ఉన్నచోట ‘టక్’మని తేటగా పలికిన పలక ట్రాన్స్‌డ్యూసర్ చుట్టూ ‘దబ్’మని మూగగా మోగింది. యజమాని అనుమతితో అక్కడి స్క్రూ ఒకటి విప్పగా, దాని మరల మధ్య నల్లని చెక్క గుజ్జు అంటుకుని వచ్చింది. వెనకే తుప్పు రంగు నీటి బొట్టు ఒకటి జారింది. ఇంజనును పైకి లేపి దాని కింది కొసపై బరువు వేసి నొక్కితే, ట్రాన్సమ్ పై అంచు కంటికి కనిపించేంతగా వంగింది. “పాత బోట్లన్నీ అంతేనండీ” అన్నారాయన. అంతే కాదు, గట్టి ట్రాన్సమ్ అలా వంగదు. దాన్ని కొత్తగా కట్టడమంటే ఇంజను దించి, పొర కోసి, కుళ్లిన చెక్కంతా తవ్వి తీయడం. మిగతావేవీ చూడకుండానే సెలవు తీసుకున్నాను.

రెండో శనివారం

ఈ బోటు ట్రాన్సమ్ బాగుంది. అయితే నేను చేరేసరికి ఇంజను వేడిగా ఉంది. ముందే నడిపి ఉంచిన ఇంజను ఎలాగూ తేలికగా అందుకుంటుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడానికి ఎంత మొండికేస్తుందో తెలియకుండా పోతుంది. రెండు గంటలు ఆగాను. స్టార్టరు నాలుగోసారి తిప్పితే గాని అందుకోలేదు.

తరువాత ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూశాను. మూడు సిలిండర్లలో చదరపు అంగుళానికి 180 పౌండ్ల దరిదాపుల్లో ఉంటే, నాలుగోదానిలో 148 దగ్గర ముల్లు ఆగిపోయింది. అంకె ఎంత అన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. అది 10 శాతం దాటితే రింగులో, వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో దెబ్బతిని ఉండవచ్చు.

గేరు పెట్టె అడుగు స్క్రూను కొద్దిగా వదులు చేసి గ్లాసులో నాలుగు చుక్కలు పట్టాను. ఆయిల్ పాలలా తెల్లగా ఉంది, అంటే లోపలికి నీరు చేరినట్టే. ప్రొపెల్లర్ విప్పి చూస్తే కారణం కనబడింది: తెగిన గేలపు దారం షాఫ్టుకు పొరలు పొరలుగా చుట్టుకుని సీలును కోసేసింది. వేట బోట్లకు ఇది మామూలు జబ్బే. సీలు మార్చడం పెద్ద పని కాదు గాని, ఎంతకాలం నీళ్లలో నానుతూ తిరిగాయో తెలియని గేర్లతో పాటు ఆ నాలుగో సిలిండరునూ భరించే ఓపిక నాకు లేకపోయింది.

మూడో శనివారం

మూడో బోటుకు మెరుపు లేదు, రంగు వెలిసింది, సీటు చిరిగింది. సుత్తికి ఎక్కడా మూగ చప్పుడు రాలేదు. ట్రాన్సమ్ కుడివైపు పై భాగాన చెక్కిన బోటు నంబరునూ, ఇంజను సీరియల్ నంబరునూ కాగితాలతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. డెక్ అంతటా మడమలు ఊనుతూ నడిచాను, ఎక్కడా మెత్తబడలేదు. గేలపు కర్రలు నిలిపే రాడ్ హోల్డర్ల చుట్టూ సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు ఉన్నాయి గాని, అవి పైపూత వరకే.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఇంధన ట్యాంకు. డెక్ కింద నురుగులో పొదిగిన అల్యూమినియం ట్యాంకుకు తడి నురుగు ఆనుకుని ఉంటే గుంటలు గుంటలుగా తినేస్తుంది, మార్చాలంటే డెక్ కోయాలి. తనిఖీ మూత తీసి అద్దంతో చూడగలిగినంత చూశాను. తెల్లని పొడి లేదు, పెట్రోలు వాసన లేదు. ట్రెయిలర్ టైర్ల మీద తేదీ అంకె 1416, అంటే 2016లో 14వ వారం తయారీ. గాడులు లోతుగానే ఉన్నా పక్కలు పగిలాయి, మార్చక తప్పదు.

నాలుగో శనివారం

నీటి పరీక్ష. బయలుదేరే ముందు బిల్జ్‌ను, అంటే బోటు అడుగు గుంటను, గుడ్డతో పొడిగా తుడిచాను. చల్లని ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది, పక్కన ఇంజనును చల్లబరిచే నీటి ధార పడుతోంది. ముగ్గురు మనుషులు, సగం ట్యాంకుతో పూర్తి థ్రాటిల్ ఇస్తే నిమిషానికి 5,400 చుట్లు చూపింది. మాన్యువల్ చెప్పిన హద్దు 5,000 నుంచి 6,000. ఆ హద్దును అందుకోలేకపోతే ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక చుట్టుకు అది ముందుకు సాగే దూరం, ఎక్కువైందో, ఇంజను బలం తగ్గిందో తేల్చుకోవాల్సి వచ్చేది.

గంట తరువాత బిల్జ్‌లో నీరు లేదు. కావాలనే ఒక బక్కెట్టు నీళ్లు పోసి చూస్తే పంపు తనంతట తాను తిరగలేదు. నీరు చేరగానే పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ వైరు అతుకు దగ్గర రాగి పచ్చగా మారి పొడి రాలింది. టైర్లూ, స్విచ్చూ చూపి ధర కొంత తగ్గించమన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఐదో శనివారం

బోటు నాదైంది. గేరు ఆయిల్, ఇంజను ఆయిల్ మార్చాను. ఫ్లోట్ స్విచ్‌కు తగరపు పూత ఉన్న వైరు వేసి, అతుకును వేడికి బిగుసుకునే గొట్టంతో మూశాను. చల్లదనపు నీటి ధార బాగానే పడినా, పాత బోటు కదా అని నీటి పంపు విప్పాను. నీటిని నెట్టే రబ్బరు చక్రమైన ఇంపెల్లర్ రెక్కల్లో ఒకటి లేదు. ఆ రబ్బరు ముక్క కోసం గంటసేపు వెతికితే, పంపు నుంచి ఇంజనుకు వెళ్లే నీటి గొట్టం మొదట్లో ఇరుక్కుని ఉంది.