చంటిగాడి ఓటు

ఉపవాసం ఉన్న రోజు ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదని పొద్దున ఘాట్లో మునిగినప్పుడే అనుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా నుంచి మా తమ్ముడు చంటిగాడు వీడియో కాల్ చేయడంతో ఆ అనుకోవడం కాస్తా కృష్ణలో కలిసింది.

2024 నవంబరు అది. చలికాలానికని వాళ్ల గడియారాలు ముందురోజే గంట వెనక్కి జరిగాయి కదా, వాడికి తెల్లారి ఎనిమిది. కాఫీ కలుపుకుంటున్నాడు. వెనకాల ఫ్రిజ్‌కి అంటించి ఓ లావుపాటి కవరు.

"ఏంట్రా అది?"

"బ్యాలెట్ అక్కా. రేపేగా ఎలక్షను. పోస్టులో ఎప్పుడో వచ్చింది."

"మరి పంపలేదే?"

"మాది కాలిఫోర్నియా అక్కా," అన్నాడు, అదేదో మడి కట్టుకున్నాను అన్నట్టు.

అమెరికా పౌరసత్వానికి చెయ్యెత్తి ప్రమాణం చేసిన ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే మేమంతా చప్పట్ల బొమ్మలు పెట్టాం. ఇక్కడి ఓటు వదులుకుని మరీ తెచ్చుకున్న ఓటు. దాన్ని కరెంటు బిల్లులా ఫ్రిజ్‌కి తగిలించాడు. కరెంటు బిల్లే నయం, గడువులోగా కడతాడు.

నాకు పాఠం చెప్పాడు. అక్కడ జనం ఓట్లతో నేరుగా అధ్యక్షుడు అవడట. రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లని 538 మంది, అందులో 270 వచ్చినవాడిది గెలుపు. కాలిఫోర్నియాకి 54. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ 54 మొత్తం ఒకే పార్టీకి. 2020లో అక్కడ తేడా ఒకటీ అరా కాదు, 50 లక్షల పైచిలుకు. "ఇందులో నా ఓటు ఎక్కడ కనపడుద్దక్కా?" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాళ్లు ఓటు మానేసి, దానికి లెక్కలు కూడా చూపించి, ఎదుటివాళ్లని అమాయకుల్లా చూస్తారే, అది నాకు పడదు.

2019 ఏప్రిల్ 11, ఇక్కడ మా పోలింగ్ రోజు గుర్తుచేశాను వాడికి. మీకు ఇదివరకు చెప్పానో లేదో. నాన్నని వాకర్‌తో సహా ఆటో ఎక్కించి బడికి తీసుకెళ్లాం. మా బూత్‌లో మిషను మొరాయించింది. ఎండ సంగతి మీకు తెలుసు, బెజవాడ ఏప్రిల్. ఒక టెంటు లేదు, మంచినీళ్లు లేవు. వచ్చిన ప్రతి వాళ్లూ "ఇదిగో అయిదు నిమిషాల్లో" అనేవాళ్లే. నా ముందు నిలబడ్డావిడ పసిపిల్లకి కొంగు కప్పి నిలబడింది. మా ఎదురింటాయన స్లిప్పుతో విసురుకుని విసురుకుని "నా ఒక్క ఓటు లేకపోతే ఆగిపోద్దా" అని ఇంటికెళ్లి పడుకున్నాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు. నేనూ నాన్నని పోదామన్నాను. ఆయన ఎవరో ఇచ్చిన కుర్చీలో కూచుని, "మీరెళ్లండమ్మా, నేను ఆటోలో వస్తాను" అన్నారు. ఇంకెక్కడికి వెళ్తాం? మధ్యాహ్నానికి మిషను బాగైంది. బయటికొచ్చాక ఆయన చెప్పిందల్లా ఒకటే: "ఏడు సెకన్లు కనపడిందే చీటీ, గుర్తు సరిగ్గానే ఉంది." ఎవరికి ఓటు పడిందో చూపించే చీటీ మిషను అద్దంలో కనపడేది అంతసేపే. ఆ ఏడు సెకన్ల కోసం అంత ఎండ.

మే 23న లెక్కపెడితే మా విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ నియోజకవర్గంలో మెజారిటీ 25 ఓట్లు. పాతిక! నాన్న ఆ వారమంతా మా సందులో ఓటెయ్యని వాళ్లని వేళ్ల మీద లెక్కెడుతూ ఉండేవారు. పాతిక దాటింది. ఎదురింటాయన కొన్నాళ్లు మా అరుగు వైపు చూడకుండానే బండి తీసేవాడు. అంతకు ముందు 2014లో మంగళగిరిలో మెజారిటీ 12 ఓట్లే కదా అని నాన్న ఆయనకి వినపడేట్టు మరీ అనేవారు.

ఇదంతా చెప్పి ఫోన్ పెట్టేశాను. గెలిచినట్టే అనిపించింది. తీరా గిన్నెలు తోముకుంటుంటే ఎక్కడో తేడా కొట్టింది. 25 ఓట్ల కథతో 50 లక్షల తేడా ఉన్నవాడిని ఎలా ఒప్పిస్తాను? 2016లో అమెరికా మొత్తం మీద ఓడిన హిల్లరీ క్లింటన్‌కి గెలిచిన ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి. ఆ ఎక్కువ ఓట్లన్నీ ఏమైనట్టు? ఎటైనా మొగ్గే రాష్ట్రం పెన్సిల్వేనియాలో మా పిన్ని కూతురింటికి ప్రచారం వాళ్లు వచ్చి తలుపు కొడుతూనే ఉన్నారట. చంటిగాడి తలుపు ఎవరూ కొట్టలేదు. అంటే పార్టీలు కూడా వాడి లెక్కే వేస్తున్నాయి.

అసలు రాష్ట్రపతి విషయంలో మనం ఏం వెలగబెట్టాం? మనల్ని అడిగేదే లేదు, ఓటేసేది ఎమ్మెల్యేలూ ఎంపీలే. ఆ పాతిక ఓట్లతో గెలిచినాయన 2022లో మా అందరి బదులు వేసొచ్చిన ఓటుకి జనాభాని బట్టి కట్టిన విలువ 159. దానికీ పోటీ లేదు. ఇక్కడి రెండు పార్టీలూ ద్రౌపది ముర్ము గారికే అన్నాయి, యశ్వంత్ సిన్హాకి మన రాష్ట్రం నుంచి ఒక్క ఓటూ రాలేదు. అప్పుడు మా ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టలేదా? మా ఆయన ఆ రోజు క్రికెట్ చూశారు.

సర్లే, వాడి ఓటు వాడిష్టం అనుకుని పడుకోబోతుంటే మరదలు వాట్సాప్‌లో కాగితాల ఫోటోలు పెట్టింది. "వదినా, మీ తమ్ముడు ప్రెసిడెంటు దగ్గరే ఆగిపోయారు, మిగతావి చూడలేదు." మిగతావి చదువుతూ కూచున్నాను. స్కూలు బోర్డు మెంబర్లు ఉన్నారు. రాష్ట్రమంతటికీ పది ప్రశ్నలున్నాయి, అవునా కాదా అని జనమే చెప్పాలట. కనీస కూలి గంటకి 18 డాలర్లు చెయ్యాలా? ఇళ్ల అద్దెల మీద ఊళ్లు పరిమితి పెట్టుకోవచ్చా? ఇది 33వ నంబరు.

అద్దె! ఫోన్ చేసినప్పుడల్లా మా అందరికీ అద్దె గురించి ఏడ్చేవాడు వీడే. ఆ ఏడుపుకి జవాబు రాసే గడి అదే కవర్లో ఉంది, దాని మీద 54 మంది ఎలక్టర్ల పెత్తనం లేదు, లెక్కపెట్టేది తలకో ఓటే. అంత లెక్కలు చెప్పినవాడు పేజీ తిప్పలేదు.

రేపటి లోపు తపాలా ముద్ర పడితే చాలట. "33 దగ్గర అవునని పెట్టి, కవరు మీద సంతకం చేసి పంపు. ప్రెసిడెంటు నీ ఇష్టం," అని మెసేజ్ పెట్టాను.

పదకొండింటికి జవాబొచ్చింది. "అక్కా, పరిమితి పెడితే కొత్త ఇళ్లు కట్టరు, అద్దెలు ఇంకా పెరుగుతాయి, కాదనే పెట్టాలంటోంది మీ మరదలు. నేనేమో అవునంటున్నా. ఇంట్లో గొడవ. నువ్వే అంటించావు."

కవరు మాత్రం ఇంకా ఫ్రిజ్ మీదే ఉందట.