మూడు ఫ్రేములు

పన్నెండు దాటింది. పడుకుని మళ్ళీ లేచాను. ఇది టైపు చేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

కార్డు సంగతే, కంప్యూటర్‌లో పెట్టే వీడియో కార్డు. స్పీకర్లకి విడిగా శబ్దం ఇచ్చే కొత్తది కొనాలని నా గోల. మళ్ళీనా అని మీరూ అనకండి, ఇంట్లో వారం నుంచి అదే మాట వింటున్నా.

మామయ్యగారిని మాట్లాడించి తీసిన వీడియో టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎడిట్ చేస్తున్నాను. దాన్ని ఈరోజుకైనా ఒక కొలిక్కి తెద్దామని పొద్దున్నే కూర్చున్నాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లో ఆడించే బొమ్మ కార్డు లోంచి టీవీకి వెళ్తుంది, మాట మాత్రం కంప్యూటర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆ పాత స్పీకర్లకి వెళ్తుంది. ఇన్నాళ్ళూ దూరం నుంచి తీసిన షాట్లే కాబట్టి ఏమీ తెలియలేదు. ఇవాళ ఆయన ముఖం దగ్గరగా ఉన్న భాగం వచ్చింది. మాట ముందే వచ్చేస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. ఎవరో పక్క గదిలో కూర్చుని ఆయనకి డబ్బింగ్ చెబుతున్నట్టుంది. మాటని ఒక ఫ్రేము, అంటే సెకనుకి వచ్చే 25 బొమ్మల్లో ఒకటి, వెనక్కి జరిపాను, చాలలేదు. రెండు, ఊహూఁ. మూడు ఫ్రేములు వెనక్కి జరిపితే అతికినట్టు సరిపోయింది. ఇక క్లిప్పు తర్వాత క్లిప్పు, అన్నిటికీ అలాగే జరుపుకుంటూ పోయాను. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది.

సాయంత్రం ఫైలు తీసి ఫోన్‌లో పెట్టి చూస్తే ఇప్పుడు మాట ఆలస్యం! బ్లూటూత్ కూడా కాదు, ఫోను స్పీకరే. ఈయన్ని పిలిచి చూపించాను.

"బాగానే ఉందిగా."

సరిగ్గా చూడండి, పెదవులు చూడండి అన్నాను. మళ్ళీ చూశారు. "నాన్న గొంతే కదా, బాగానే ఉంది." ఈ 'బాగానే' అనే మాట మా ఇంట్లో ఎన్ని పనులకి అడ్డం పడిందో లెక్క లేదు. గోడ రంగు బాగానే ఉంటుంది, వంకరగా బిగించిన తలుపు బాగానే ఉంటుంది. చూడకుండా చెప్పే మాట అది. చూసి కూడా అదే చెబితే ఏం చేయాలి? చెవులున్నాయా మీకు అనేశాను. అనాల్సింది కాదేమో, కానీ అనేశాను.

ఆ కోపంతోనే కార్డు పేజీలన్నీ మళ్ళీ తెరిచాను. నా దగ్గరున్నది డెక్‌లింక్ మినీ మానిటర్. దానికి తీగలు తగిలించే మూతులు రెండే, స్టూడియోల్లో వాడే ఎస్‌డీఐ, మామూలు టీవీకి పెట్టే హెచ్‌డీఎంఐ. శబ్దం కూడా దాని లోంచే వెళ్తుంది గానీ బొమ్మతో కలిసి అదే తీగలో వెళ్తుంది. విడిగా తీసి స్పీకర్లకి ఇవ్వడానికి దారి లేదు. నాకు కావలసింది ఆ దారే. అదే కంపెనీ ఇంటెన్సిటీ ప్రో 4కేకి అయితే వెనక బ్రేకవుట్ కేబుల్ అని తీగల గుత్తి వేలాడుతుంది, దాని చివర ఇళ్ళలో ఆడియోకి వాడే ఎరుపూ తెలుపూ ఆర్‌సీఏ పిన్నులుంటాయి. ఇంకో రకం కార్డుల్లో ఎక్స్‌ఎల్‌ఆర్, అంటే స్టూడియో మైకులకి వాడే లావు పిన్ను, ఉంటుంది. దృఢంగా కనిపిస్తోందని ముందు దాని మీదే మనసు పడింది. కానీ దాని లోంచి వచ్చే స్టూడియో లెవెల్ (సిగ్నల్ బలం) 1.23 వోల్టులు, నా స్పీకర్లు ఎదురుచూసే ఇంటి లెవెల్ 0.32. ఇంచుమించు 12 డెసిబెల్స్ తేడా. దాన్ని తగ్గించడానికి మధ్యలో మళ్ళీ ఇంకో డబ్బా పెట్టాలి. వద్దులే.

అసలు చిరాకు ఎక్కడంటే, ఆ పేజీల్లో 'అనలాగ్ ఆడియో ఉంది' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. లోపలికా, బయటికా? అది తెలుసుకోవాలంటే కార్డు వెనక భాగం ఫొటో పెద్దది చేసి ఒక్కో మూతి కింది అక్షరాలు చదువుకోవాలి. 'మానిటరింగ్' అనే మాట ఇంకా దారుణం. ఒక చోట దాని అర్థం టేపు లోంచి వస్తున్నది వస్తుండగా వినడం. ఇంకో చోట టైమ్‌లైన్‌లో ఆడుతున్నది వినడం. గేమ్‌లు ఆడేవాళ్ళ కోసం చేసిన వాటిలో ఇంకేదో. నాకు మొదటి రెండూ కావాలి. మొదటిది లేకే కదా, ఈ టేపు ఎక్కించడానికి వాడిన ఆ యూఎస్‌బీ ముక్కతో మోసపోయాను. ఎడమ కుడి విడివిడిగా ఉండే శబ్దాన్ని (48 కిలోహెర్ట్జ్ స్టీరియో) ఒకటే దారి (96 కిలోహెర్ట్జ్ మోనో) అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పింది అది. ఎడమవైపు మామయ్యగారి గొంతు, కుడివైపు అడిగేవాళ్ళ గొంతు ఉండాల్సింది, రెండూ ఒకే ముద్ద. ఎక్కిస్తున్నప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసేది. టేపంతా అయ్యాక తెలిసింది.

ఇదంతా తిట్టుకుంటూ పడుకుంటే, ఎందుకో చిన్నప్పటి మిద్దె గుర్తొచ్చింది.

అన్నయ్యా నేనూ పిట్టగోడ పట్టుకుని చూస్తున్నాం. చాలా దూరంలో ఒకావిడ బండ మీద బట్టలు ఉతుకుతోంది. బట్ట పైకెత్తినప్పుడు 'ధబ్' అని వినిపిస్తోంది, బండ మీద కొట్టినప్పుడు ఏమీ లేదు. ఎత్తితే చప్పుడు, కొడితే నిశ్శబ్దం. గాలిలో దేనికో తగులుతోందని నేను. కాదు, చప్పుడు నడిచి రావాలి కదా, అలిసిపోతుంది అని అన్నయ్య. పందెం వేసుకున్నాం. ఎలా తేలుతుందో ఇద్దరికీ తెలియదు. చూస్తూనే ఉన్నాం. ఆవిడ ఆఖరి బట్ట కొట్టేసి, బండ మీదే వదిలేసి, నడుము మీద ఖాళీ చేతులు పెట్టుకుని నిలబడింది. అప్పుడు వినిపించింది ఇంకో 'ధబ్'. చేతిలో ఏమీ లేదు, బట్ట కదల్లేదు, చప్పుడు మాత్రం వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. అన్నయ్య గెలిచాడు. ఏం పందెమో గుర్తులేదు, వాడు మాత్రం ఇప్పటికీ నేను బాకీ ఉన్నానంటాడు.

చప్పుడు సెకనుకి 343 మీటర్లు నడుస్తుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 14 మీటర్లు. మూడు ఫ్రేములు ఆలస్యమంటే మామయ్యగారు 41 మీటర్ల అవతల కూర్చుని మాట్లాడుతున్నట్టు. అది లోకంలో జరిగేదే. మాట ముందొచ్చి పెదవి తర్వాత కదలడం మాత్రం ఎంత దూరం వెళ్ళినా జరగదు. అలాంటప్పుడు టీవీలో ఎందుకు జరిగింది?

ఇక్కడ లేచాను. లేచి ఒక తెల్ల ఫ్రేము పెట్టి, సరిగ్గా దాని కిందే ఒక ఫ్రేము బీప్ పెట్టి ఆడించాను. బీప్ ముందు, తెలుపు తర్వాత. టీవీ మెనూలోకి వెళ్ళి గేమ్ మోడ్ పెట్టాను, బొమ్మని ఆపకుండా వెంటనే చూపించే సెట్టింగ్ అది. రెండూ కలిసిపోయాయి! ఆలస్యమంతా టీవీదే. బొమ్మకి మెరుగులు దిద్దడానికి అది లోపల కూర్చుని తీసుకుంటున్న సమయం. మామయ్యగారి క్లిప్పులు మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి, పాడు చేసింది నేనే.

అంటే కొత్త కార్డు కొని స్పీకర్లు దానికే తగిలించినా ఇదే జరిగేది. కార్డు బొమ్మనీ మాటనీ ఒకే క్షణంలో గుమ్మం దాటిస్తుంది, అంతే. దారిలో టీవీ బొమ్మని ఆపేసుకుంటే అదేం చేస్తుంది? వారం రోజులు ఆ పిన్నుల ఫొటోలు చూసి కళ్ళు పోగొట్టుకున్నాను. గేమ్ మోడ్ సరిపోకపోతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా సర్దడానికి మిల్లీసెకన్ల గడి ఒకటి ఉండనే ఉంది, ప్లేబ్యాక్‌కి మాత్రమే. క్లిప్పులు ముట్టుకోనక్కర్లేదు. కాబట్టి కార్డు వద్దు.

వద్దు అని ఇక్కడిదాకా రాశాను గానీ, ఇంకా మూడు టేపులున్నాయి కదా. వాటిని ఎక్కిస్తూ వినాలి. అందుకైనా ఆ ఎరుపూ తెలుపూ పిన్నులున్నది కావాలి. ఈసారి లోపలికి వచ్చే మూతి చూసుకుని కొనాలి. బయటికి పోయేది ఉంటే ఉంటుంది.

ఇంకొకటి. 1998లో అంతర్జాతీయ టెలికాం సమాఖ్య దీని మీద ఒక సిఫారసు ఇచ్చింది, బీటీ.1359 అని. మాట బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనుషులు పట్టేస్తారట. వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదట. నేను జరిపింది మూడు ఫ్రేములు, 120. నాకు తెలిసిందంటే మధ్యాహ్నమంతా దాన్నే వెతుకుతూ కూర్చున్నాను కాబట్టి.

పొద్దున్నే క్లిప్పులన్నీ మళ్ళీ మూడు ఫ్రేములు ముందుకి జరపాలి. చెవుల గురించి అన్న మాటకి సారీ చెబుతాను. 125 సంగతి మాత్రం ఈయనకి చెప్పను.