అనంతపురం నుంచి ఇండీ రాక్ కాన్సర్టుకు: నా అనుభవం

అనంతపురంలో ఉండి ఇండీ రాక్ వినేవారికి పాటలు దొరకడం ఈ రోజుల్లో కష్టం కాదు. ఆ పాటలను పక్కన కూర్చుని వినే మనిషి దొరకడం, వాటిని వేదిక ముందు నిలబడి వినగలగడం కష్టం. బ్యాండ్లు బెంగళూరుకో హైదరాబాదుకో వస్తాయి గాని మన దాకా రావు. పోనీ ఒక్కడినే వెళ్దామంటే నాకు మనసొప్పదు; పాట ముగిసిన మరుక్షణం దాని గురించి ఒక మాట చెప్పుకోవడానికి మనవారెవరైనా ఉండాలనిపిస్తుంది. అందుకే టికెట్టు సంగతి ఆలోచించడానికి ఎంతో ముందే, నాతో వచ్చేవారిని పాటలతోనే సమకూర్చుకోవలసి వచ్చింది.

ఇండీ రాక్ అంటే, పెద్ద కంపెనీల అండ లేకుండా, చిన్న లేబుళ్ల (రికార్డు సంస్థల) ద్వారా పాటలు విడుదల చేసుకునే బ్యాండ్ల సంప్రదాయం. బ్రిటన్‌లో 1978లో మొదలైన రఫ్ ట్రేడ్, ఫ్యాక్టరీ వంటి లేబుళ్లు దానికి దారి వేశాయి. 1986లో ఎన్ఎంఈ అనే సంగీత వారపత్రిక 22 బ్యాండ్ల నుంచి ఒక్కో పాట తీసుకుని సీ86 అనే క్యాసెట్టును పాఠకులకు అందించింది. బ్యాండుకు ఒక్క పాట అన్న ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. నేను దానిని మనిషికి ఒక్క పాటగా మార్చుకున్నాను. అదీ, ఆ మనిషి చెవికి ఇప్పటికే అలవాటైన దానికి దగ్గరగా ఉండే పాట.

మా వీధిలో చెక్కభజన బృందంతో అడుగు వేసే మిత్రుడొకడు ఉన్నాడు. అతనికి ఆర్కటిక్ మంకీస్ బ్యాండు 2013లో విడుదల చేసిన 'డూ ఐ వాన్నా నో' పంపాను. ఆ పాట అడుగుల చప్పుడుతో, చప్పట్లతో నింపాదిగా మొదలవుతుంది, గిటారు ఆ తరువాతే వస్తుంది. "ఇది మన భజన అడుగు మాదిరే ఉంది కదప్పా, కొంచెం నిదానంగా" అన్నాడు విన్న వెంటనే. హిందీ పాటలను ఇష్టపడే మా చెల్లెలికి ది లోకల్ ట్రైన్ అనే హిందీ రాక్ బ్యాండు వారి 2015 నాటి ఆల్బమ్ 'ఆలస్ కా పేడ్' నుంచి ఒకటి ఎంచాను. జానపదాలు బాగా పాడే మా వదినకు కేరళకు చెందిన అవియల్ బ్యాండు 2008లో తెచ్చిన మలయాళ ఆల్బమ్ నుంచి ఒకటి ఇచ్చాను. భాష తెలియకపోయినా పాట పట్టుకుంటుందా లేదా అని చూడాలనిపించింది, పట్టుకుంది.

పాట లింకు ఒక్కటే పంపితే ఎవరూ వినరని నా నమ్మకం. కాబట్టి దానితో పాటు ఒక వాక్యం రాస్తాను: మొదటి చరణంలో బేస్ గిటారును మాత్రమే పట్టుకో, లేదా చివరి పల్లవిలో డ్రమ్ములు ఎలా మారాయో చూడు అని. అంతకంటే మేలైనది కలిసి వినడం. ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీద ఒక చిన్న స్పీకరు పెట్టుకుని, తలా ఒక పాట తెచ్చి, పాట పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదన్న ఒక్క నియమంతో వినసాగాము. ఫోనులో సగం విని వదిలేసిన పాటలే అక్కడ అందరి చేత మళ్లీ పెట్టించుకున్నాయి. రెండోసారి పెట్టమని ఎవరైనా అడిగిన పాటను నేను జాబితాలో రాసుకునేవాడిని.

ఆ జాబితాలోని ఒక బ్యాండు బెంగళూరుకు వస్తున్నదని తెలిసినప్పుడు, నేను మొదట చూసినది ధర కాదు, వేదిక. పబ్బులలో జరిగే వాటికి చాలా చోట్ల 21 ఏళ్లు నిండనివారిని రానివ్వరు, పైగా కార్యక్రమం ఆలస్యంగా మొదలవుతుంది. ఆరుబయట జరిగేవైతే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మామూలుగా రాత్రి 10 గంటలకు లౌడ్‌స్పీకర్లు ఆపవలసిందే. బెంగళూరు మాకు సుమారు 210 కిలోమీటర్లు. హైదరాబాదు వైపు పోయే రాత్రి బస్సులు అనంతపురం మీదుగానే వెళతాయి. చెల్లెలిని తీసుకెళ్తానన్నప్పుడు మా నాయన అడిగినది తిరిగి వచ్చే దారి గురించే గనుక, ఆరుబయట జరిగే ఆ కార్యక్రమానికి వర్తించే ఈ 10 గంటల నియమమే మాకు అనుమతి ఇప్పించింది.

వెళ్లే ముందు, ఆ బ్యాండు అంతకుముందు ఊళ్లలో ఏ పాటలు ఏ వరుసలో పాడిందో చూసి, అదే వరుసలో బస్సులో విన్నాము. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు అందరికీ పంచాను. 85 డెసిబెళ్ల శబ్దాన్ని 8 గంటలు భరించగల చెవి, పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకూ సగం సమయం చొప్పున, 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలకే అలసిపోతుంది. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటమూ చూడను. మిత్రులందరూ ఇవి పెట్టుకునే వినాలి.

గేటు దగ్గర టికెట్టు స్కాన్ చేసి చేతికి పట్టీ కట్టారు. త్వరగా వెళ్లడం వల్ల, ప్రధాన బ్యాండుకంటే ముందు వాయించిన కొత్తవారిని పూర్తిగా వినగలిగాము. టికెట్టు విలువలో సగం అక్కడే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. తరువాత వేదికకు ఆనుకుని కాక, మైదానం మధ్యలో సౌండ్ ఇంజినీరు మిక్సర్ పెట్టుకున్న చోటికి దగ్గరగా నిలబడ్డాము. అతడు అక్కడ వింటూనే అన్ని వాద్యాల పాళ్లు సరిచూస్తాడు కాబట్టి గొంతు, గిటారు, డ్రమ్ములు అక్కడ విడివిడిగా తెలుస్తాయి. మిద్దె మీద మేము ఎన్నోసార్లు విన్న పాటనే అక్కడ వారు కాస్త వేగం తగ్గించి, మధ్యలో గిటారును పొడిగించి వాయించారు. బేస్ గుండెల మీద తగిలింది. నా భజన మిత్రుడు అందరికంటే ముందుగా ఆ మార్పును పట్టుకుని, చేత్తో తాళం వేస్తూ నా వైపు తిరిగి "చూసినావా" అన్నాడు. నేను కోరుకున్న మాట అదే.

బయటికి వచ్చేటప్పుడు బ్యాండు వారి బల్ల దగ్గర తలా ఒక టీషర్టు కొన్నాము. స్ట్రీమింగులో ఒక పాట వింటే బ్యాండుకు చేరేది అతి స్వల్పం గనుక, ఇష్టమైన వారికి ఇలా ఇవ్వడం న్యాయమని నాకు తోస్తుంది.

ఇప్పుడు ఆదివారాలు మా మిద్దె మీదికి ఇంకొందరు వస్తున్నారు. వారిలో భజనలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరికి ఇంకా తగిన పాట కుదరలేదు. కీబోర్డు ముందు నడిచి, గిటారు వెనుక ఉండే పాట కోసం వెతుకుతున్నాను.